నీలం రాని పాలపొడి

నాచారంలో నేను పనిచేసిన ల్యాబ్ దగ్గరికి వెళ్తుంటే బోర్డు కన్నా ముందు వాసన తగిలేది. పారిశ్రామిక వాడలో ఒక లోపలి సందు అది. ఒక పక్క రంగులు తయారుచేసే షెడ్డు, ఇంకో పక్క కోళ్ల దాణా గోడౌన్, రెండింటి మధ్య నల్లగా, చిక్కగా కదిలీ కదలనట్టు ఉండే మురికి కాలువ. వాన పడితే కాలువ పొంగి మా గేటు ముందుకు వచ్చేది. ఎవరో వేసిన ఇటుకల మీద కాలు పెట్టుకుంటూ, చున్నీ ముక్కుకు అడ్డం పట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లం. లోపల ఇంకో రకం కంపు. యాసిడ్‌లో ఉడుకుతున్న పొడుల కంపు. ఎండు చేపల పొడి, కోడిగుడ్ల పొడి, సోయా పిండి, పశువుల దాణా, ఏది వచ్చినా దాంట్లో ప్రోటీన్ ఎంతుందో కొలిచి చెప్పడం నా పని.

ల్యాబ్‌లో ఉద్యోగం అనగానే మా బంధువులకి తెల్ల కోటు, తళతళలాడే గాజు సామాను గుర్తొచ్చేవి. నీడపట్టున శుభ్రమైన పని అనేవాళ్లు. నా కోటు ఎప్పుడూ తెల్లగా ఉండేది కాదు. మోచేతుల దగ్గర పసుపు మరకలు, జేబు దగ్గర నీలం మరకలు. నీలం రంగు గోళ్ల సందుల్లోకి దిగితే వారం దాకా పోయేది కాదు, అన్నం కలుపుకుంటుంటే అదే కనిపించేది. చేపల పొడి తూచిన రోజున సాయంత్రం ఉప్పల్ బస్సులో నా పక్కన కూర్చున్న ఆడవాళ్లు మెల్లగా ముఖం కిటికీ వైపు తిప్పుకునేవాళ్లు. ఒకావిడ లేచి వెళ్లి నిలబడింది కూడా. మొదట్లో సిగ్గేసేది, తర్వాత అలవాటైంది. కంపుకి మనిషి అలవాటు పడతాడు. నేను చెప్పబోయేదానికి మాత్రం ఇప్పటికీ అలవాటు పడలేదు.

అప్పట్లో ఉప్పల్‌లో ఒక ఇంటి మేడ మీద గదిలో అద్దెకుండేదాన్ని. మాది జనగామ వైపు. ఇంటి యజమానురాలు గుంటూరు జిల్లా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి. భర్త ఇక్కడ ప్రభుత్వ రంగ కర్మాగారంలో పనిచేసేవారు, ఇప్పుడు లేరు. ఆవిడ ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. వీధంతా ఆవిడని టీచరమ్మ అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. గది చూపించిన రోజునే షరతు చెప్పారు. ఆ ఇంట్లో మాంసం మాట అటుంచి, గుడ్డు కూడా ఉడకకూడదు. నేను సరేనన్నాను. తినాలనిపిస్తే బయట తిని వచ్చేదాన్ని. సాయంత్రం ఇంటికి రాగానే ముందు మేడెక్కి తలస్నానం చేసి, అప్పుడు కిందికి వచ్చేదాన్ని. ఆ చేపల కంపుతో నా వంటింటి గడప దాటకమ్మా అని ఆవిడ నవ్వుతూనే చెప్పేవారు కానీ, ఆ మాట నవ్వులాట కాదని నాకు తెలుసు.

ఆ సంవత్సరం ఆవిడ బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చాక మనిషి సగమైపోయారు. వాకర్ పట్టుకుని హాల్లో నాలుగడుగులు వేస్తే కుర్చీలో కూలబడేవారు. కండ పట్టాలంటే ప్రోటీన్ బాగా తీసుకోవాలని డాక్టర్ చెప్పాడట. దమ్మాయిగూడలో ఉండే వాళ్లమ్మాయి ఒక డబ్బా కొని తెచ్చింది. డబ్బా మీద ఆవు, దూడ బొమ్మ. పాల నుంచి తీసిన ప్రోటీన్ అని పెద్ద అక్షరాలు. ఓ మూలన శాకాహారం అని చెప్పే ఆకుపచ్చ చుక్క. టీచరమ్మ కళ్లజోడు పెట్టుకుని ముందు ఆ చుక్క వెతుక్కున్నారు, అది కనిపించాకే మూత తీశారు.

ఆ పొడి వేడి పాలల్లో కలుపుకుని పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు తాగేవారు. పాలు ఎంత చిక్కబడతాయో చూడమ్మా, గ్లాసుకి మీగడలా పట్టుకుంటుంది, మంచి సరుకు అనేవారు. అయిపోయినప్పుడల్లా ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద మందుల షాపు నుంచి నేనే తెచ్చిచ్చేదాన్ని. ఆవిడకి వారానికోసారి భజనకి వచ్చే స్నేహితురాళ్లున్నారు, అందరూ పెద్దవాళ్లే, మోకాళ్ల నొప్పులవాళ్లే. వాళ్లకీ చెప్పారు. ఆవిడ మాట మీద వాళ్లూ కొనుక్కున్నారు.

అదే డబ్బా ఒకరోజు మా ల్యాబ్‌కి పరీక్షకి వచ్చింది.

అలా రావడంలో వింత లేదు. ఆ కంపెనీ తయారీ ఎక్కడ జరుగుతుందో నాకు తెలియదు కానీ ప్రతి కొత్త బ్యాచ్‌కీ ఒక రిపోర్ట్ కావాలి, రిపోర్ట్‌లిచ్చే చిన్న ల్యాబ్‌లలో మాదొకటి. ఆవు బొమ్మ చూడగానే టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇంటికి వెళ్లి మీ పొడి నేనే కొలిచానని చెప్పొచ్చనుకున్నాను.

ప్రోటీన్ కొలవడానికి మా దగ్గర రెండు పద్ధతులుండేవి. ఒకటి, పొడిని గాఢమైన యాసిడ్‌లో గంటల తరబడి ఉడికించి, అందులో నైట్రోజన్ ఎంతుందో తేల్చి, దాన్ని ఒక అంకెతో హెచ్చవేసి ఇంత ప్రోటీన్ అని చెప్పడం. ఆ నైట్రోజన్ పాల నుంచి వచ్చిందా, పప్పు నుంచి వచ్చిందా, చెప్పు తోలు నుంచి వచ్చిందా అని ఈ పద్ధతి అడగదు. రెండోది రంగు పద్ధతి. గోధుమ రంగులో ఉండే ఒక ద్రావణంలో ప్రోటీన్ ఉన్న నీళ్లు కొంచెం వేస్తే అది నీలంగా మారుతుంది. ప్రోటీన్ ఎక్కువుంటే ముదురు నీలం, తక్కువుంటే లేత నీలం. ఆ నీలం ఎంతో మిషన్ చదువుతుంది. పక్కనే ప్రోటీన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాన్ని కూడా పెట్టి, దానితో పోల్చి లెక్క కడతాం. మా దగ్గరికొచ్చే పొడులన్నిటికీ మొదటి పద్ధతే వాడాలి, కంపెనీలు అడిగేది అదే. రంగు పద్ధతి వేరే పనులకి.

ఆ రోజు శుక్రవారం. యాసిడ్ పొగని బయటికి లాగే ఫ్యాన్ చెడిపోయింది. మెకానిక్ మర్నాటికి గానీ రానన్నాడు. ఊరికే కూర్చోవడమెందుకని, రేపు ఎంత పొడి తూచాలో ఓ అంచనా వస్తుంది కదా అని రంగు పద్ధతి పెట్టాను. పొడి చల్లటి నీళ్లల్లో ఉండలు కడుతుంటే వేడి నీళ్లల్లో కలిపాను. కలుపుతుంటే ఆవిరితో పాటు ఒక వాసన వచ్చింది. పైన వెనిలా సెంటు, దాని కింద ఇంకేదో. మా చిన్నప్పుడు మా వీధి వడ్రంగి చెక్కలు అతికించడానికి డబ్బాలో ఒక జిగురు కాచేవాడు, పిల్లలం ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్లం. ఆ వాసన. పాలపొడికి ఆ వాసనెందుకని అనుకున్నాను, అంతే.

నీలం రాలేదు. రాలేదంటే పూర్తిగా కాదు. నీళ్లల్లో ఉతికిన పాత జీన్స్ రంగంత వచ్చి ఆగిపోయింది. పక్కన పోల్చడానికి పెట్టిన ట్యూబులు మాత్రం ముదురు నీలంగా మెరుస్తున్నాయి. డబ్బా మీద రాసినదాంట్లో సగం కూడా లేదు. నేనే ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్లీ తూచి, మళ్లీ కలిపి, మళ్లీ పెట్టాను. మళ్లీ అదే వెలిసిన రంగు. సాయంత్రమైంది. మిగిలిన ద్రావణం ఫ్రిజ్‌లో పెట్టి వచ్చేశాను.

శనివారం పొద్దున ఫ్రిజ్ తీసి ఆ ట్యూబ్‌లో పిపెట్ గొట్టం ముంచితే మునగలేదు. మొన గుచ్చుకుని ఆగిపోయింది. ట్యూబ్ తిరగేశాను. ఒక్క చుక్క కిందికి రాలేదు. లోపల మొత్తం గడ్డకట్టి, వేలితో తడితే వణుకుతోంది. లేత పసుపు రంగు, లోపల సన్నటి బుడగలు, కంటి మీద పొర కమ్మినట్టు ఉంది. చేతిలో పెట్టుకుని వేడి చేస్తే మెల్లగా కరిగి మళ్లీ ఆ జిగురు వాసన.

అప్పుడర్థమైంది. జిలాటిన్. పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసే బంక. అదీ ప్రోటీనే, అందుకే యాసిడ్‌లో వేస్తే నైట్రోజన్ నిండుగా చూపిస్తుంది. కానీ మా నీలం రంగుకి అది సరిగా అంటదు. అందుకే పక్క ట్యూబులు మెరుస్తుంటే ఇది వెలిసిపోయి ఉంది. పాలు చిక్కబడటం, గ్లాసుకి మీగడలా పట్టుకోవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు నిలబడ్డాయి. నాకు మాంసం అసహ్యం కాదు, నేను తింటాను. కానీ ఆ ట్యూబ్‌ని చేతిలో ఉంచుకోలేక స్టాండ్‌లో పెట్టేశాను. వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

మధ్యాహ్నానికి ఫ్యాన్ బాగైంది. మామూలు పద్ధతిలో కూడా చేశాను. నైట్రోజన్‌తో కట్టిన ప్రోటీన్ లెక్క డబ్బా మీద రాసినంతే వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేదు. కొలిచి మరీ కలిపారన్నమాట.

రెండు ఫలితాలూ, ఆ ట్యూబూ పట్టుకుని మా సార్ గదికి వెళ్లాను. ల్యాబ్ ఆయనదే. మంచి చదువే చదివినాయన. టేబుల్ మీద పేపర్ పరిచి, మిరపకాయ బజ్జీలు, టీ పెట్టుకుని కూర్చున్నారు. నేను మొత్తం చెప్పాను. ఆయన బజ్జీ నములుతూనే విన్నారు. నూనె వేళ్లతోనే నా కాగితం అటూ ఇటూ తిప్పారు.

"గా నీలం రంగు టెస్ట్ నిన్నెవరు జెయ్యమన్నరు?" అన్నారు.

ఫ్యాన్ చెడిపోయిందని చెప్పాను. అసలు సంగతి అది కాదని, ఇది పాల ప్రోటీన్ కాదని, ఎక్కువ భాగం జిలాటినేనని చెప్పాను.

"జిలాటిన్ ప్రోటీన్ కాదా?"

"ప్రోటీనే సార్. కానీ డబ్బా మీద పాలు అని రాసిన్రు. ఆకుపచ్చ చుక్క పెట్టిన్రు."

"చుక్క మనం పెట్టినమా? మనల్ని నైట్రోజన్ అడిగిన్రు. నైట్రోజన్ ఉన్నది. గంతవరకే రాసియ్యి. మనం రాసిన దాంట్ల అబద్ధం ఏమున్నది చెప్పు."

నిజమే, అబద్ధం ఏమీ లేదు. అదే నాకు ఒళ్లు జలదరించేలా చేసింది. ఆయన అబద్ధం రాయమని అడిగి ఉంటే ఎదురుతిరగడం తేలికయ్యేది. ఇదిగో చూడండి అని ట్యూబ్ ఆయన టేబుల్ మీద, టీ గ్లాసు పక్కన పెట్టాను. తిరగేసి చూపిస్తే ఆయనకి కూడా ఏవగింపు పుడుతుందనుకున్నాను. ఆయన వంగి చూశారు. జెల్లీ లెక్కనే ఉన్నదే అని చిన్నగా నవ్వారు. తర్వాత పేపర్ ముక్క ఒకటి చింపి, వేళ్లు తగలకుండా ఆ ముక్కతో ట్యూబ్‌ని నా వైపు తోశారు.

"తీసెయ్ అమ్మా. ఇయ్యాల శనివారం. నేను నీసు ముట్ట."

ఆయనకి తను ఏమన్నారో వినపడినట్టు లేదు. ఇంకో బజ్జీ తీసుకున్నారు. ఎన్నో కంపుల మధ్య పనిచేశాను కానీ, ఏ చేపల పొడీ ఏ కాలువా నాకు ఆ క్షణమంత రోత పుట్టించలేదు. అది మాంసమని ఆయనకి తెలుసు. తన చేతికి తగలకూడదనుకునేంత బాగా తెలుసు. రిపోర్ట్ మీద నేను సంతకం చెయ్యనన్నాను. చెయ్యకు, నేనే చేస్తానన్నారు, కోపం కూడా లేకుండా. జేబులోంచి పెన్ను తీసి అక్కడికక్కడే చేశారు. అక్షరాల పక్కన నూనె మరక పడింది.

బస్సులో ఇంటికి వస్తూ టీచరమ్మకి ఎలా చెప్పాలా అని కూడబలుక్కున్నాను. స్నానం చేసి కిందికి వెళ్లేసరికి ఆవిడ సాయంత్రం గ్లాసు కలుపుకోబోతున్నారు. చెంచా చేతిలో ఉంది. కూడబలుక్కున్నదంతా పోయింది.

"టీచరమ్మా, అది తాగకండి."

"ఏం, ఏమైంది?"

చెప్పాను. తోలు, ఎముకలు అనే మాటలు ఎంత మెత్తగా చెప్దామన్నా మెత్తగా రాలేదు. ఆవిడ చెంచా కింద పెట్టారు. వాకర్ పట్టుకుని మెల్లగా సింక్ దగ్గరికి వెళ్లి నోరు పుక్కిలించడం మొదలుపెట్టారు. చాలాసేపు పుక్కిలించారు. నీళ్లు ఉమ్మడం, మళ్లీ పట్టుకోవడం, మళ్లీ ఉమ్మడం. నేను వెనకాల నిలబడ్డాను, భుజం మీద చెయ్యి వేద్దామా అనుకుని ఆగిపోయాను. నా చెయ్యి కూడా ఆ పొడి పట్టుకున్న చెయ్యే కదా అనిపించింది.

డబ్బా తీసి బయట పారేస్తారనుకున్నాను. పారెయ్యలేదు. కుర్చీలో కూర్చుని మామూలు గొంతుతో అడిగారు.

"నీ మాట నమ్ముతున్నాను. కానీ నేను చెప్తే నలుగురు కొన్నారు. వాళ్లకి నేను చూపించాలి. ఇక్కడ చేసి చూపించగలవా?"

మిషన్లేం అక్కర్లేదు, వేడి నీళ్లూ ఫ్రిజ్జూ చాలని చెప్పాను. ఫ్రిజ్ అనగానే ఆవిడ మొహం ముడుచుకుంది. అందులో పూజకి వాడే పాలుంటాయి. కొంచెం ఆలోచించి, పాలూ పెరుగూ అన్నీ పక్కింటికి పంపేద్దాం అన్నారు. ఇంకో సంగతి కూడా ఆవిడే చెప్పారు. ఒక్క గిన్నె పెడితే ఎవరూ నమ్మరు, పక్కన మంచి పాలపొడి కూడా అంతే కొలతతో, అవే వేడి నీళ్లతో పెట్టు, అప్పుడు తేడా కనిపిస్తుంది. ల్యాబ్‌లో మేం చేసేది కూడా అదేనని చెప్తే, మరి లెక్కలంటే ఏమనుకున్నావు అన్నారు. నవ్వలేదు.

ఆదివారం పొద్దున రెండు స్టీలు గిన్నెలు, అవీ ఇక మళ్లీ వాడబోమని నిర్ణయించుకున్నవి, తీసి కలిపాం. కలిపేది నేనే, ఆవిడ దూరంగా కూర్చుని కొలతలు చూశారు. మధ్యాహ్నానికి దమ్మాయిగూడ నుంచి వాళ్లమ్మాయి వచ్చింది. భజన స్నేహితురాళ్లని ఫోన్ చేసి పిలిచారు. అందరూ హాల్లో కూర్చున్నాక నేను ఫ్రిజ్ తీశాను.

పాలపొడి గిన్నె వంచితే పాలు ఒలికాయి. రెండో గిన్నె పూర్తిగా బోర్లించాను. ఏమీ పడలేదు. గిన్నె అడుగున తడితే అది కదిలి, చప్పుడు చేసుకుంటూ ప్లేటులో పడింది, వణికి ఆగింది. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లింది, లోపల వాంతి చేసుకుంటున్న చప్పుడు హాల్లోకి వినపడింది. ఇంకొకావిడ తన మనవడికి కూడా ఇదే తాగిస్తున్నానని మెల్లగా అంటోంది, ప్రత్యేకంగా ఎవరితోనూ కాదు. టీచరమ్మ కూతురు తల పట్టుకుంది. అమ్మా, కొనుక్కొచ్చింది నేనేగా అంది. టీచరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ప్లేటు వంకే చూస్తూ ఉన్నారు.

"నీరసం తగ్గట్లేదంటే నా ఒళ్లే మొద్దుబారిందనుకున్నాను," అన్నారు. "వ్యాయామం సరిగ్గా చెయ్యట్లేదని నన్ను నేనే తిట్టుకున్నాను."

తోలు సంగతి కన్నా ఆవిడని లోపల కోస్తున్నది ఇదేనని అప్పుడు తెలిసింది. కండకి పనికొచ్చే ప్రోటీన్ అందులో ఎంత తక్కువో నేను ముందురోజే చెప్పాను. జిలాటిన్ కడుపు నింపుతుంది కానీ విరిగిన మనిషిని లేపి నిలబెట్టడానికి పాలో పప్పో ఇచ్చేంత బలం ఇవ్వదు. ఆవిడ ఆ మాట రాత్రంతా మనసులో పెట్టుకున్నట్టున్నారు.

సోమవారం నేను సెలవు పెట్టాను. ఆవిడ ఆపరేషన్ తర్వాత హాస్పిటల్‌కి తప్ప మొదటిసారి గేటు దాటారు. ఆటోలో ఒక పక్క నేను, ఒక పక్క వాకర్, ఒళ్లో ఆ గడ్డని మళ్లీ వేసి మూతపెట్టిన గిన్నె. ఆ గిన్నె ఒళ్లో పెట్టుకున్నందుకు మనసు ఎంత చంపుకున్నారో ఆవిడ చేతులు చూస్తే తెలుస్తోంది, రుమాలు మీదుగా పట్టుకున్నారు. మందుల షాపులో జనం ఉన్నారు. ఆవిడ వాకర్ కౌంటర్‌కి ఆనించి, గిన్నె పైన పెట్టి మూత తీశారు. గొంతు పెంచలేదు. క్లాసులో పిల్లలకి చెప్పినట్టు, ఇది మీరమ్మిన పొడి, వేడి నీళ్లల్లో కలిపి చల్లబరిస్తే ఇలా అయింది, పాలపొడి ఇలా అవదు, మీరు చేసి చూసుకోవచ్చు అని చెప్పారు.

షాపతను యాభై దాటిన మనిషి. గిన్నె మీదికి వంగి వాసన చూసి వెనక్కి జరిగాడు.

"అమ్మా, మాకేం ఎర్క? కంపెనోళ్లు పంపిస్తరు, మేం అమ్ముతం," అన్నాడు. తర్వాత అరలో ఉన్న డబ్బాలన్నీ దించి కౌంటర్ కింద పడేశాడు. మందుల కోసం నిలబడ్డ ఒకతను ఫోన్‌లో ఆ గిన్నె ఫోటో తీసుకున్నాడు. వెనకాల ఇంకొకరు, ఏమైందట, ఏమైందట అని అడుగుతుంటే అతనే వాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. తిరిగి వస్తుంటే టీచరమ్మ ఆటో ఆపించి ఆ గిన్నెని దారిలో ఒక మురికి కాలువలోకి విసిరేయించారు. విసిరింది నేనే. ఇంటికి వచ్చాక ఇద్దరం తలస్నానం చేశాం. తర్వాత రెండు రోజులు ఆవిడ ఏమీ సరిగా తినలేదు. ఏది నోట్లో పెట్టుకున్నా నాలుక మీద ఆ జారుడు తగులుతోందనేవారు. పెసలు నానబెట్టి మొలకలు తిన్నాక కాస్త నయమైంది.

ఫోటో ఉప్పల్ కాలనీల ఫోన్లన్నిటికీ చేరింది. వారం తిరక్కుండా కంపెనీ మనిషి ఒకతను టీచరమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, సెంటు, చేతిలో రంగు కాగితం చుట్టిన పెట్టె. పెట్టెలో కొత్త డబ్బాలు. అమ్మా, ఏదో ఒక బ్యాచ్‌లో పొరపాటు జరిగింది, ఇది కొత్త సరుకు, మీ కోసం ప్రత్యేకంగా తెచ్చానన్నాడు. టీచరమ్మ అతన్ని కూర్చోబెట్టారు. నన్ను పాలు కాచమన్నారు. కొత్త డబ్బా తెరిచి, అతని ఎదురుగానే చెంచా నిండా పొడి వేసి కలిపి గ్లాసు ముందు పెట్టారు.

"తాగండి నాయనా. మీరు తాగితే నేనూ తాగుతాను."

ఇప్పుడే టిఫిన్ చేసి వచ్చానమ్మా అన్నాడు. పర్లేదు, నిదానంగానే తాగండి అన్నారు. అతను గ్లాసు వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు, ఫోన్ తీసి చూసుకున్నాడు. గ్లాసు మీద పొర కట్టింది. చివరికి ఇంకో చోటికి వెళ్లాలని లేచాడు. పెట్టె తీసుకెళ్లమంటే తీసుకెళ్లాడు.

మర్నాడు సార్ నన్ను పిలిచారు. పరీక్షకొచ్చిన సరుకు సంగతి బయటికెట్లా పోయిందని అడిగారు. నేనే చెప్పానన్నాను. ఇగ రేపటి నుంచి రాకు అన్నారు. వస్తానన్నా ఉండలేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కోటు అక్కడే వదిలేశాను. ఆ సందులోంచి బయటికి వస్తుంటే కోళ్ల దాణా వాసన ఎప్పటిలాగే ఉంది, ఆ రోజు అది నాకు కంపే అనిపించలేదు.

కొన్నాళ్లు ఖాళీగా ఉన్నాను. తర్వాత హబ్సిగూడ వైపు ఒక కాలేజీలో పిల్లలకి ప్రాక్టికల్స్ చేయించే ఉద్యోగం దొరికింది. అక్కడ కొలిచేది కోడిగుడ్డు తెల్లసొన, శనగపిండి. టీచరమ్మ వాకర్ వదిలేసి చేతికర్రతో నడుస్తున్నారు. భజన వాళ్లలో ఒకావిడ మాత్రం మళ్లీ రాలేదు. కోపం టీచరమ్మ మీదో, తన మీదో తెలియదు. టీచరమ్మ రెండుసార్లు ఫోన్ చేసి, ఆవిడ ఎత్తకపోతే ఊరుకున్నారు.

కాలేజీలో చేరిన కొద్ది నెలలకి పాత సార్ నుంచి ఫోన్ వచ్చింది. ఎట్లున్నవ్ అని ఆప్యాయంగానే అడిగారు. వేరే పాలపొడి కంపెనీ వాళ్లు వచ్చారట. బజారులో ఉన్న పోటీ కంపెనీల డబ్బాలన్నీ తెచ్చి, ఏ దాంట్లో జిలాటిన్ ఉందో తేల్చమంటున్నారట. మంచి పని దొరికిందన్నారు.

"నువ్వు గప్పుడు చేసినవ్ గదా, నీలం రంగు పెట్టి. ఎంత పొడి తీసుకున్నవ్, ఎన్ని నీళ్లు పోసినవ్, జర చెప్పు. నువ్వు తెలివైన దానివని నాకు అప్పుడే ఎర్క."

గొంతులో తడబాటు లేదు. పేపర్ ముక్కతో ట్యూబ్ తోసిన సంగతి ఆయనకి గుర్తుందో లేదో, ఉన్నా అదొక సంగతే కాదో. ఫోన్ చెవికి తగిలిన చోట చెమట పట్టింది, తుడుచుకున్నాను. పెట్టెయ్యాలనిపించింది. అయినా చెప్పాను. ఎంత తూచాలి, ఎంత వేడి నీళ్లు, ఎంతసేపు ఫ్రిజ్‌లో ఉంచాలి, పక్కన పోల్చడానికి ఏం పెట్టాలి, ఒకదాని తర్వాత ఒకటి చెప్పాను. ఎవరి డబ్బాలో ఏముందో ఎవరో ఒకరు తేలిస్తే తాగేవాళ్లకి మంచిదే కదా అనుకున్నాను. ఆయన రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఒకటి రెండు చోట్ల, మళ్లీ చెప్పు అన్నారు, మళ్లీ చెప్పాను.

థ్యాంక్స్ అమ్మా, ఎప్పుడన్నా ఇటు దిక్కు వస్తే కలువు అన్నారు. సరే సార్ అన్నాను, నోరు చేదెక్కింది. క్లాసులో పిల్లలు పిపెట్లు పట్టుకుని నా కోసం ఎదురుచూస్తున్నారు. బాటిల్‌లో నీళ్లు పుక్కిలించి ఉమ్మి లోపలికి వెళ్లాను.